పేర్లు రాసుకునే పుస్తకం

జనవరి 19, 2025, ఆదివారం

సూళ్లూరుపేట నుంచి ఇప్పుడే వచ్చాను. కాళ్లు పీకుతున్నాయి. అయినా ఈ రాత్రే రాయాలి, రేపటికి సగం మర్చిపోతాను.

కోవిడ్ కాలంలో ఆగిపోయిన ఫ్లెమింగో ఫెస్టివల్ ఈ ఏడు మళ్లీ జరుగుతోంది. నిన్న మొదలైంది, రేపటితో అయిపోతుంది. సూళ్లూరుపేట, నేలపట్టు, అటకానితిప్ప, బీవీ పాళెం, ఉబ్బలమడుగు, మొత్తం అయిదు చోట్ల పెట్టారు. 2001లో మొదలుపెట్టినప్పుడు ఈ ప్రాంతమంతా నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది. అయినా నేనెక్కిన మెమూ పెట్టెలో నెల్లూరు వాళ్లు సగం మంది ఈ పండగకే వచ్చారు.

ముందు నేలపట్టు. చెరువులో నీళ్ల మధ్య కడప చెట్లు, కొమ్మకొమ్మకూ గూళ్లు, గూళ్లలో గూడబాతులు. 1976లో ప్రభుత్వం దీన్ని పక్షుల కేంద్రంగా ప్రకటించింది కానీ అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ కాపాడింది ఊరి రైతులే. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పారితే వరి బాగా పండుతుందని వాళ్ల అనుభవం. పక్షులు వచ్చిన ఏడు వానలు బాగుంటాయని నమ్మకం. తుపాకీ పట్టుకుని ఎవరొచ్చినా ఊళ్లోకి రానిచ్చేవాళ్లు కాదట. ఈ మాట చెప్పిన పెద్దాయన చిన్నప్పటి నుంచి ఈ కట్ట మీద తిరిగినవాడు. ఏ చెట్టు మీద ఏ జాతి ముందు దిగుతుందో, పిల్లలు ఎప్పుడు రెక్కలు విప్పుతాయో వేలు పెట్టి చూపిస్తాడు. స్టాళ్లలో ఎన్ని బొమ్మలు పెట్టినా ఆయన పక్కన పది నిమిషాలు నిలబడితే తెలిసినంత తెలియదు.

తర్వాత అటకానితిప్ప. శ్రీహరికోట రోడ్డుకు రెండు పక్కలా పులికాట్. మన దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత ఇదే పెద్దది. దూరంగా గులాబీ చార. బైనాక్యులర్స్‌లో చూస్తే ఫ్లెమింగోలు తలకిందులుగా ముక్కు నీళ్లలో పెట్టి బురద వడగట్టుకుంటున్నాయి. వాటికి మోకాలి లోతు నీళ్లు కావాలి. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతే సరస్సులోకి ఉప్పునీళ్లు రావు, చేపా రాదు, రొయ్యా రాదు, అప్పుడు ఇటు పక్షికీ అటు పాళెంలోని జాలర్లకీ కరువే. పండగ వేదికల మీద ఈ పూడిక గురించి ఇంకా ఎక్కువ మాట్లాడాలని నా కోరిక.

సాయంత్రం సూళ్లూరుపేటలో సభ. దీపాలు, జనం, సినిమా పాటలు. మధ్యలో పల్లెటూరి ఆడపిల్లల కోలాటం. ఒక్క అడుగు తప్పలేదు. జడకోపు వేసి విప్పడం అంత వేగంగా నేను ఈ మధ్య చూడలేదు. అతిథుల పేర్లు మైకులో రెండుసార్లు చదివారు. కోలాటం నేర్పినావిడ పేరు ఎవరూ చెప్పలేదు. వేదిక వెనక్కి వెళ్లి అడిగాను. చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ, "నా పేరెందుకమ్మా, పిల్లోళ్లు ఆడారు గదా" అంది. అడిగి రాసుకున్నాను. ఊరు, పేరు, ఎవరి దగ్గర నేర్చుకుందో, ఎన్నేళ్ల నుంచి నేర్పుతోందో, అన్నీ ఈ పుస్తకం వెనక పేజీల్లో.

లైబ్రరీ ఉద్యోగంలో ఉండగా పేపర్ కటింగులు ఫైలు చేసేదాన్ని. నెల్లూరు కళలు, సాహిత్యం అని ఒక అట్ట ఫైలు. రిటైరయ్యేనాటికి అది లావెక్కింది కానీ తిరగేస్తే అందులో ఉన్నవి ముఖ్య అతిథుల పేర్లు. ఆడినవాళ్లు, పాడినవాళ్లు, హార్మోనీ పట్టినవాళ్లు చాలామంది ఆ కాగితాల్లో లేరు. ఈ పుస్తకం పెట్టింది అందుకే.


జనవరి 29, బుధవారం

తెల్లవారి ఆరూ ఇరవై మూడు. వీధిలో అందరం మిద్దెల మీదే. దక్షిణాన ఆకాశంలో నారింజ రంగు వెలుగు లేచింది. శ్రీహరికోట నుంచి ఇది వందో ప్రయోగం, జీఎస్ఎల్‌వీ ఎఫ్-15. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ సముద్రంలో పడిపోయింది. ఆ రోజు నుంచి వంద లెక్కకు వచ్చాం. పిల్లలు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

ఆ దీవిలో రాకెట్ల కంటే ముందు యానాదులు ఉన్నారు. తేనె, దుంపలు, మూలికలు, చేపలు, వాటి చుట్టూ పాటలు. రాకెట్ కేంద్రం షార్ వచ్చాక వాళ్లు చెదిరిపోయారు. వాళ్ల కోసం జీవితమంతా తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్య గారు మన జిల్లా మనిషి. ఆయన ఇంగ్లీషులో యానాదుల మీద రాసిన పుస్తకం ఇప్పటికీ పరిశోధకులు వెతుక్కుంటూ వస్తారు. నా సర్వీసులో ఆ పుస్తకం అడిగినవాళ్లు ఎక్కువమంది పై రాష్ట్రాల వాళ్లే. మన పిల్లలు అడిగితే ఇంకా సంతోషంగా ఉండేది.


మార్చి 30, ఆదివారం. ఉగాది

విశ్వావసు నామ సంవత్సరం. రేపు రంజాన్. మా వీధిలో ఈ పూట పచ్చడి గిన్నెలు అటు పోతే రేపు పొద్దున సేమ్యా గిన్నెలు ఇటు వస్తాయి.

సాయంత్రం పురమందిరంలో కవిసమ్మేళనం. రేబాల లక్ష్మీనరసారెడ్డి గారు ఇచ్చిన హాలు. ఈ ఊళ్లో సాహిత్యం చదువుకున్న ఎవరినడిగినా మొదటి ఉపన్యాసం విన్నది ఇక్కడే అంటారు. కవులు చాలామంది వచ్చారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. మంచి కవిత్వం రెండు చోట్ల తగిలింది. ఒకటి ఎండిన పెన్న మీద ట్రాక్టర్ల గురించి, రెండోది రొయ్యల గుంటల కాపలా పిల్లవాడి గురించి. రెండోది చదివింది కావలి వైపు నుంచి వచ్చిన కొత్త పిల్ల. గొంతు వణుకుతూనే ఉంది, మాట మాత్రం గట్టిది.

తిక్కన ప్రస్తావన లేకుండా నెల్లూరులో సభ జరగదు. జరగకూడదు కూడా. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉండి, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు ఈ పెన్న ఒడ్డునే చెప్పాడు. నాకు ఆ కథలో ఎప్పుడూ గుర్తుండేది గురునాథుడు. తిక్కన చెబుతుంటే ఆగకుండా రాసిన కుమ్మరి గురునాథుడు. ఐతిహ్యమే కావచ్చు, కానీ ఏడు వందల ఏళ్లు దాటినా వ్రాయసగాడి పేరు జనం నోట్లో ఉంది. మహాకవి పక్కన గంటం పట్టుకుని కూర్చున్నవాడి పేరు నిలబెట్టిన ఊరు ఇది. అలాంటి ఊరికి మృదంగం వాయించినతని పేరు రాసుకోవడం కష్టమా?

సభ అయ్యాక ఆ మాటే ఒక కుర్ర విలేకరితో అన్నాను. మండలం నుంచి టౌనుకు మారాడు, ఇంకా లైన్ అకౌంటే, రాసిన లైన్లను బట్టే డబ్బులు. పాపం, నిజం చెప్పాడు. "నాకు పది లైన్లు ఇస్తారు మేడమ్. స్టేజి మీద పెద్దోళ్ల పేర్లు ఆరు రాస్తే అయిపాయె. నిర్వాహకులు వాట్సాప్‌లో పంపే నోట్‌లో కూడా అవే ఉంటాయి." కళాకారుల పేర్లు రాకపోవడానికి కారణం ఇదే. వార్త తయారయ్యేది హాల్లో కాదు, నిర్వాహకుల ఫోన్‌లో. వాళ్లకు కావలసింది వచ్చే ఏడు మళ్లీ సాయం చేసేవాళ్ల పేర్లు. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, కానీ నష్టం మాత్రం కళాకారుడికే.

"నేను చీటీ రాసిస్తాను, పదకొండో లైను ఒకటి అడిగి చూడు నాయనా" అన్నాను. నవ్వి నంబరు ఇచ్చాడు.


మే 11, ఆదివారం

మైపాడు దాటి ఒక పట్టపు పాళెంలో ఉన్నాం. మా పిన్ని కూతురు ఇక్కడ బడిలో టీచరు. గంగమ్మకు కొలుపులు, రాత్రికి నాటకం అని పిలిచింది.

వేట లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిషేధం, చేప గుడ్లు పెట్టే కాలం. బోట్లన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. వలలు నీడన పరిచి కుట్టుకుంటున్నారు. ఈసారి భృతి ఇరవై వేలు చేశారని చెప్పారు, నిరుడు దాకా పది వేలే. ఆ డబ్బులు ఏప్రిల్ ఆఖర్లో పడ్డాయని ఒకామె, ఇంకా తన పేరు ఎక్కలేదని ఇంకొకామె. మాట ఎక్కడ మొదలైనా చివరికి కడలూరు బోట్ల దగ్గరికే వస్తుంది. సోనా బోట్లు అంటారు వీళ్లు. తమిళనాడు నుంచి పెద్ద ఇంజన్లతో వచ్చి చిన్న వలలు తెంపుకుని పోతాయని కోపం. "మా చేప మా కళ్ల ముందే పోతాదమ్మా" అన్నాడొక ముసలాయన. దీని మీద వచ్చిన వార్తలన్నీ నా ఫైల్లో ఉన్నాయి, ఏళ్ల తరబడి అదే గొడవ.

పాళెంలో వార్త ఇప్పటికీ నోటితోనే నడుస్తుంది. పెద్దకాపులు కూర్చుని దురాయి, అంటే కట్టుబాటు, కడితే అది ప్రతి గుడిసెకూ తెలుస్తుంది, కాదన్నవాడు లేడు. ఈ రోజు మధ్యాహ్నం కట్టిన దురాయి: నాటకం అయ్యేదాకా ఎవరూ తాగి గుంపులోకి రాకూడదు. వచ్చినవాడు తప్పు కట్టాలి. రాత్రి రెండింటి దాకా నేను చూసినంతలో ఒక్కడూ రాలేదు.

నాటకం శ్రీకృష్ణ రాయబారం, తర్వాత హరిశ్చంద్ర కాటి సీను. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వేరు. ఒకరికి పడక సీను, ఇంకొకరికి రాయబారం. తిరుపతి వేంకట కవుల పద్యాలు ఈ ఇసుక మీద కూర్చున్న వాళ్లందరికీ నోటికి వచ్చు. బడి మొహం చూడని అవ్వ ఒకామె కృష్ణుడి కంటే అర మాత్ర ముందు పద్యం అందుకుంటోంది. రెండో కృష్ణుడు రాగం సాగదీస్తుంటే జనం "వన్స్ మోర్" అన్నారు. మూడోసారి పాడాక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. పగలు గూడూరు దగ్గర నిమ్మ తోటలో కూలికి పోతాడని తర్వాత తెలిసింది. కాటి సీను హరిశ్చంద్రుడు రిటైరైన ఆర్టీసీ డ్రైవరు.

హార్మోనిస్టు గురించి విడిగా రాయాలి. డెబ్బై దాటి ఉంటాయి. కుడి చెయ్యి మీటల మీద, ఎడమ చెయ్యి తిత్తి మీద, కళ్లు మాత్రం ఎప్పుడూ నటుడి నోటి మీద. కొత్త కుర్రాడు శ్రుతి తప్పబోతే ఒక్క స్వరం గట్టిగా పట్టి వాణ్ణి మళ్లీ దారిలోకి లాగాడు. చూసేవాళ్లకు అది తెలియను కూడా తెలియదు. ఈయన ఎంతమంది కృష్ణుల్ని ఒడ్డుకు చేర్చాడో! టీ తాగుతూ చెప్పాడు, గురువు వెంకటగిరి ఆయన, నేర్చుకున్నది ఆయన ఇంట్లో పాచి పనులు చేస్తూ. తన దగ్గర ఇప్పుడు నేర్చుకునేవాళ్లు లేరు. కీబోర్డు వచ్చాక హార్మోనీని ఎవరూ అడగడం లేదు. పద్య నాటకానికి కీబోర్డు చాలదని నా అభిప్రాయం. అది నటుడితో పాటు ఊపిరి తీసుకోదు.

అందరి పేర్లూ రాసుకున్నాను. మేకప్ మనిషి, తెర లాగినవాడు, జనరేటరు కుర్రాడు సహా. రాత్రే విలేకరి కుర్రాడికి ఫోన్‌లో పంపాను.


మే 13, మంగళవారం

వచ్చింది! జిల్లా పేజీలో కింద మూల. పదకొండు లైన్లు. చివరి లైన్లో హార్మోనిస్టు పేరు, ఊరు. పేపరు రెండు కొన్నాను, ఒకటి పాళెం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను.


జూన్ 4, బుధవారం

గాయకుడు ఎస్పీ బాలు గారి పుట్టినరోజు. పొద్దుట్నుంచీ ఆటోల్లో, టీ కొట్లలో ఆయన పాటే. పోయి అయిదేళ్లు కావొస్తోంది.

తిప్పరాజు వారి వీధి వైపు వెళ్లాను. ఆ ఇల్లు ఆయన 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి వేద పాఠశాల కోసం ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఊరు ఆయన్ని గుర్తు పెట్టుకుంది, అందులో అనుమానం లేదు. నాకు మాత్రం ఆ ఇంటి ముందు నిలబడితే వాళ్ల నాన్నగారు సాంబమూర్తి గారు గుర్తొస్తారు. హరికథకులు. త్యాగరాజ ఉత్సవాలు చేయడానికి వీధుల్లో భజన చేస్తూ భిక్ష ఎత్తేవారని మా నాన్న చెప్పేవాడు. బియ్యం వేసినవాళ్లలో మా నాయనమ్మ ఒకతె. ఆ బియ్యంతోనే వచ్చిన విద్వాంసులకు భోజనాలు. కచేరీలకు టికెట్టు లేదు, ఊరంతా వింది. బాలు గారి చెవికి సంగీతం ఆ పందిళ్లలో పడిందని అనుకోవడం నాకు ఇష్టం.

హరికథ ఇప్పుడు ఎక్కడుంది? దసరాకు అమ్మవారి గుళ్లలో ఒకటి రెండు, జొన్నవాడ బ్రహ్మోత్సవాల్లో ఒకటి. చెప్పేవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే కావడం నాకు సంతోషం. చిడతలు పట్టుకుని, గజ్జె కట్టి, మూడు గంటలు ఒక్క మనిషి నిలబడి పాడి, ఆడి, నవ్వించి, ఏడిపించాలి. దానికిచ్చే డబ్బులు ఒక డీజే సెట్టు అద్దెలో పదో వంతు ఉండవు.


జూలై 6, ఆదివారం

మొహర్రం. ఊళ్లో పీర్లు లేచాయి. రొట్టెల పండుగ ఈ రోజు నుంచి పదో తేదీ దాకా. బస్టాండు నుంచి స్వర్ణాల చెరువు పక్క దర్గా దాకా జనమే. కన్నడం, తమిళం, మరాఠీ, ఉర్దూ అన్నీ వినిపిస్తున్నాయి. 2015లో దీన్ని రాష్ట్ర పండుగ చేశారు. అప్పటి నుంచి ఏర్పాట్లు పెద్దవయ్యాయి, షెడ్లు, షవర్లు, కెమెరాలు.

ఈ రోజు సొందల్‌మాలి. రేపు రాత్రి గంధ మహోత్సవం. ఎల్లుండి రొట్టెలు. తర్వాత తహలీల్ ఫాతేహా, ఆ మర్నాడు ముగింపు. అయినా జనం ఈ రోజు నుంచే చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటున్నారు. ఆశకు తిథి దాకా ఆగే ఓపిక ఎక్కడిది?


జూలై 8, మంగళవారం

నిన్న రాత్రి నిద్ర లేదు. గంధం ఊరేగింపు కోటమిట్ట వైపు నుంచి బయలుదేరి దర్గాకు చేరేసరికి ఏ జామైందో చూసుకోలేదు. గంధం కోసం చేతులు చాచిన జనం మధ్య ఊపిరాడలేదు. నాకూ ఇంత దొరికింది, నుదుట పెట్టుకున్నాను.

పొద్దున మా వీధి చివరి టైలరు భార్యతో కలిసి స్వర్ణాల చెరువులో దిగాను. ఆమె కొడుక్కి దుబాయిలో పని దొరికింది, రొట్టె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. నేను మా కోడలి కోసం. కొంగు తల మీద కప్పుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాం. చుట్టూ కేకలు. "ఉద్యోగం రొట్టె ఎవరికి?" "ఆరోగ్యం రొట్టె!" "ఇంటి రొట్టె, ఇంటి రొట్టె!" ఈ మధ్య వీసా రొట్టె కూడా చేరింది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు అందుకుని అక్కడే తింటారు. తీరితే వచ్చే ఏడు తామే రొట్టె చేసుకుని రావాలి. అంటే ఈ చెరువులో రొట్టె పట్టుకుని నిలబడ్డ ప్రతి మనిషీ ఒక మంచి వార్త చెప్పడానికి వచ్చినట్టే.

నాకు సంతానం రొట్టె ఇచ్చిన అమ్మాయిది బళ్లారి వైపట. చంకలో పాప. నా చేతిలో రొట్టె పెట్టి, నీళ్లు దోసిట్లో తీసి నా నెత్తిన చల్లి, కన్నడంలో ఏదో అని వెళ్లిపోయింది. ఇక్కడ ఎవరూ ఎవరి పేరూ అడగరు, కులమూ అడగరు. నేనూ అడగలేదు, రాసుకోలేదు. పుస్తకం ఇంట్లోనే పెట్టి వచ్చాను.

గండవరం దగ్గర యుద్ధంలో పన్నెండు మంది వీరుల తలలు తెగినా, గుర్రాలు ఆ మొండేలను ఈ చెరువు కట్ట దాకా మోసుకొచ్చాయని, ఆ పన్నెండు మందికి ఇక్కడ సమాధులు కట్టారని చెప్పుకుంటారు. వాళ్లే చాకలి దంపతులకు కలలో కనిపించి రాణి జబ్బుకు మందు చెప్పారన్నది ఇంకో కథ. మందు పని చేసి రాణి కోలుకుందని, ఆ సంతోషంలో పంచుకున్న రొట్టెల నుంచే ఈ ఆచారం పుట్టిందని. కథలో మొదటి మేలు చాకలి వాళ్ల నోటి మీదుగా రావడం నాకు ఎప్పుడూ నచ్చుతుంది.

సాయంత్రం దర్గా దగ్గర కవ్వాలి. ఈసారి పుస్తకం తీసుకెళ్లాను. పాడినవాళ్లు ఒక కుటుంబం. తండ్రి హార్మోనీ, పెద్ద కొడుకు ఢోలక్, చిన్నవాడు చప్పట్లు. ఆ చిన్నవాడి చప్పట్లలో లయ చూసి వెనక నిలబడ్డ పోలీసు కూడా తల ఊపాడు. పేర్లు రాయించుకున్నాను. తండ్రి తెలుగులో చెప్పాడు, కొడుకు ఉర్దూలో తనే రాశాడు. ఈ పుస్తకంలో మొదటి ఉర్దూ అక్షరాలు.


ఆగస్టు 3, ఆదివారం

విలేకరి కుర్రాడు ఇంటికి వచ్చాడు. నెల్లూరు వార్తల చరిత్ర మీద ఏదో రాయాలట. ఫైళ్లన్నీ దించాను, మధ్యాహ్నం భోజనం ఇక్కడే. మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు, నిన్నటిది.

దంపూరు నరసయ్య గారి పేరు అతను వినలేదు. ఎలా వింటాడు? పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు నుంచి పీపుల్స్ ఫ్రెండ్ అనే ఇంగ్లీషు పత్రిక నడిపిన నెల్లూరు మనిషి. తర్వాత సొంత గడ్డకు తిరిగొచ్చి ఆంధ్రభాషా గ్రామవర్తమాని తీశాడు. రాజధానిలో ఇంగ్లీషు పత్రిక నడిపినాయన చివరికి పల్లె వార్తల పత్రికకు వచ్చాడంటే, ఆయనకు అది చిన్న పని అనిపించలేదన్నమాట. ఈయన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది కాళిదాసు పురుషోత్తం గారు. ఆ పుస్తకం కుర్రాడికి ఇచ్చాను, తిరిగి ఇవ్వాలని గట్టిగా చెప్పాను.

జమీన్ రైతు సంగతి వేరే చెప్పక్కర్లేదు. నెల్లూరు వెంకట్రామానాయుడు గారు జమీందార్ల మీద రైతు పక్షాన పెట్టిన వారపత్రిక. అందులో ఎరువుల ధర ఉంటుంది, తాలూకా కచేరీలో లంచం ఉంటుంది, పక్కనే పన్నాల సుబ్రహ్మణ్యభట్టు గారి సినిమా సమీక్ష. మొహమాటం లేని సమీక్ష. సినిమావాళ్లు మద్రాసులో దాని కోసం ఎదురుచూసేవారని పెద్దలు చెబుతారు. జిల్లా పత్రికలో రాసే మనిషికి అంత విలువ రావడానికి కారణం పొగడకపోవడమే. ఇప్పుడు స్థానికంగా కళల మీద వచ్చే ప్రతి ముక్కా "ఆకట్టుకుంది", "అలరించింది" అనే రెండు మాటలతో అయిపోతుంది. బాగాలేనిది బాగాలేదని ఎవరో ఒకరు రాయకపోతే బాగున్నదానికి విలువ ఎలా వస్తుంది? ఈ మాట అతను నోట్ చేసుకున్నాడు.

తర్వాత దూబగుంట ఫైలు. దీని దగ్గర చాలాసేపు ఆగాం. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం, అక్షర దీపం. ముందు ఊరూరా కళాజాతలు తిరిగాయి. పాటలు, చిన్న నాటికలు, డప్పు. రాత్రి బడులు మొదలయ్యాక వాచకంలో సీతమ్మ కథ పాఠం వచ్చింది, సారా వల్ల సంసారం కూలిన ఆడమనిషి కథ. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి సారా అంగడి మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. జిల్లా పేజీలు రోజూ ఒక్కో ఊరి కథ రాశాయి. ఒక ఊరు చదివి ఇంకో ఊరు లేచింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో పూర్తి మద్య నిషేధం వచ్చింది. స్థానిక వార్తకు అంత బలం ఉంటుందని నా కళ్లతో చూశాను. అప్పుడు మా గ్రంథాలయంలో పొద్దున పేపరు కోసం ఆడవాళ్లు వచ్చి నిలబడేవారు. చదవడం అప్పుడే వచ్చినవాళ్లు, వేలితో అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తమ ఊరి పేరు వెతుక్కునేవాళ్లు.

ఆ కళాజాతల్లో పాడినవాళ్లెవరు? ఫైలంతా వెతికాం. ఫోటో ఒకటి దొరికింది, మెడలో డప్పు వేసుకున్న ముగ్గురు యువకులు, ఎర్ర కండువాలు. కింద "కళాజాత దృశ్యం" అని ఉంది. అంతే. ఆ పాటలు లేకపోతే రాత్రి బడికి జనం వచ్చేవాళ్లు కాదు. ఆ ముగ్గురూ ఇప్పుడు అరవైల్లో ఉంటారు, బహుశా ఈ జిల్లాలోనే. "వీళ్లని వెతుకుదాం మేడమ్" అన్నాడు కుర్రాడు. ఆ మాట అతని నోటి నుంచి రావడం కంటే నాకు కావలసిందేముంది.


అక్టోబర్ 29, బుధవారం

మొంథా తుపాను నిన్న రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. అంత దూరాన దాటినా ఇక్కడ రెండు రోజులుగా కుండపోత. కరెంటు వచ్చి పోతోంది. 2021 నవంబరులో పెన్న పొంగి హైవే తెగిన రోజులు అందరికీ గుర్తున్నాయి, అందుకే ప్రతి అరగంటకూ సోమశిల నీళ్లెంత, సంగం దగ్గర ఎంత అని ఫోన్లు. పాళెం నుంచి పిన్ని కూతురు ఫోన్ చేసింది. బోట్లన్నీ పైకి లాగేశారట, అందరూ తుపాను షెల్టరులో ఉన్నారట. అక్కడ పిల్లలు ఏడుస్తుంటే రెండో కృష్ణుడి పద్యాలు ఆ అవ్వే పాడుతోందట.

ఫైళ్లు అటక మీద నుంచి దించి గోనె పట్టాలు కప్పాను. వీటిని ఇంట్లో ఉంచడం ఇక మంచిది కాదు.


నవంబర్ 16, ఆదివారం

గ్రంథాలయ వారోత్సవాలు. ఒక శాఖా గ్రంథాలయంలో పిల్లలతో మాట్లాడమన్నారు. పొణకా కనకమ్మ గారి గురించి చెప్పాను. పొట్లపూడిలో గ్రంథాలయం పెట్టిన మనిషి, పల్లిపాడులో పెన్న ఒడ్డున ఆశ్రమానికి భూమి ఇచ్చిన మనిషి. 1921 ఏప్రిల్‌లో ఆ ఆశ్రమాన్ని గాంధీ గారు ప్రారంభించారు. 1923లో ఆడపిల్లల కోసం ఆమె కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. జైలుకు వెళ్లింది, కవిత్వం రాసింది. 1963లో పోయింది. ఆమె రాసుకున్న ఆత్మకథ కనకపుష్యరాగం మాత్రం అచ్చులోకి రావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. ఆ రాతప్రతిని ఎవరో దాచబట్టే ఈ రోజు ఆమె గొంతు మనకు వినిపిస్తోంది. ఒక పాప లేచి, "ఆమె రాసుకోకపోతే ఏమయ్యేది?" అంది. బడి పేరు ఉండేది, ఆమె మాట ఉండేది కాదు, అన్నాను.

మధ్యాహ్నం విలేకరి కుర్రాడు వచ్చాడు. రెండు సంగతులు. మొదటిది, వాళ్ల పేజీలో వారానికోసారి పావు పేజీ, పద్య నాటకం వాళ్ల మీద, కవ్వాలి, కోలాటం, హరికథ వాళ్ల మీద రాయడానికి ఒప్పుకున్నారట. ఎంతకాలం ఉంటుందో తెలియదు. ఉన్నంతకాలం నింపాలి. మొదటి వారం హార్మోనిస్టు, రెండో వారం సూళ్లూరుపేట కోలాటం ఆవిడ అని అనుకున్నాం. పొగడ్త వద్దు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎలా వాయిస్తారు, పూటకు ఎంత ఇస్తారు, ఇవి ఉండాలని చెప్పాను. పూటకు ఇచ్చే డబ్బులు వేస్తే నిర్వాహకులకు కోపం వస్తుందేమోనన్నాడు. రానీ అన్నాను.

రెండోది, ఆ ఫోటోలో డప్పు వాళ్లలో ఒకరి ఆచూకీ దొరికింది. ఉదయగిరి దారిలో ఒక ఊళ్లో టైలరింగ్ షాపు. పాటలు ఇంకా గుర్తున్నాయట, రాసుకున్న నోటుబుక్కు కూడా ఉందట. శనివారం ఆరింటి బస్సుకు వెళ్దామనుకున్నాం. రికార్డు చేయడానికి ఫోన్ చాలదు, కుర్రాడి ఆఫీసులో మంచి మైకు ఒకటి ఉందట, అడిగి తెస్తానన్నాడు. ఫోటో కాపీ పెద్దది తీయించాలి, మిగతా ఇద్దరినీ ఆ డప్పు మనిషి గుర్తుపట్టేలా.

ఫైళ్లు గ్రంథాలయానికి ఇస్తానని ఈ పూటే మాటిచ్చాను. బీరువా ఒకటి ఖాళీ చేసి పెడతామన్నారు. వెనక పేజీల పేర్లు మాత్రం ముందు తెల్లకాగితాల మీదికి ఎత్తి రాయాలి, ఊళ్ల వారీగా. ఉర్దూలో ఉన్నవి ఆ చిన్నవాడి చేతే మళ్లీ రాయించాలి.